మేనేజరు గారి షుగరు

ఆ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకున్నవాళ్ళని మాస్టారి పేరేమిటని అడిగితే తడుముకుంటారు. ఆయన కుడికాలి గురించి అడిగితే మాత్రం పావుగంట చెబుతారు. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు బండిని ఎవరి మీదికి పోనిచ్చినా పక్కనున్న గురువు తొక్కి ఆపడానికి. ఇరవై ఏళ్ళుగా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవడమే ఆయన ఉద్యోగం. అందుకే అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. ఆ కాలికి ఇంటికొచ్చినా సెలవు లేదు. మంగలి కుర్చీలో కత్తి కాస్త చురుగ్గా చెవి దగ్గరికి వస్తే చాలు, కాలు కిందికి నొక్కుకుంటుంది. సినిమాలో కార్లు తరుముకుంటుంటే ముందు వరసలో కూర్చున్నవాడు తన సీటును ఎవరు తంతున్నారా అని వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంట్లో ఆయన కూర్చునే సోఫా ముందు తివాచీకి ఒకేచోట చిల్లు పడింది. ఆయన భార్య దానికి రెండుసార్లు మాసిక వేసి, మూడోసారి మానేసింది.

కాలు అంత కంగారుదైనా గొంతు మాత్రం చల్లనిది. ఎదురుగా లారీ వస్తుంటే పక్కవాళ్ళ గుండె నోట్లోకి వచ్చే సమయంలో మాస్టారు వాతావరణం గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. "లారీ వస్తోంది. రానివ్వండి. దాని దారిన అది పోతుంది, మన దారిన మనం పోదాం" అంటారు. ఆ గొంతు విని ఎందరో భయస్తులు లైసెన్సు తెచ్చుకున్నారు. మాస్టారు కంగారుపడగా చూసినవాళ్ళు లేరు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అని సామెత ఉంది కదా, మాస్టారిది తిరగేసిన సంసారం. వీధిలో ఆయన పులి. ఇంట్లో పిల్లి వేరే ఉంది, దాని ముందు ఆయన ఎలుక.

ఆ పిల్లిది బూడిద రంగు, భారీ శరీరం. మాస్టారి భార్య కిటికీ పరదాలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. ఒకనాడు అక్కడి గుడ్డల మూటలోంచి ఇది పిల్లికూనగా బయటపడి, ఆవిడ సంచిలోకి ఎక్కి, అడగా పెట్టకుండా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే ప్రతి గదిలోకీ ఒకసారి వెళ్ళడం, ఎవరేం పని చేస్తున్నారో చూడడం, నచ్చనట్టు మొహం పెట్టడం, తర్వాత సాయంత్రం దాకా నిద్రపోవడం దాని దినచర్య. అంచేత మేనేజరు అని పేరు పెట్టారు. షుగరు జబ్బు వచ్చాక గారు కూడా చేరింది.

జబ్బు సంగతి కిందటేడు బయటపడింది. మేనేజరు గారు గిన్నెడు నీళ్ళు తాగి ఇంకో గిన్నె కోసం అరవడం, తిన్నా చిక్కిపోవడం చూసి ఆవిడ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పరీక్ష చేసి, మనుషులకొచ్చే షుగరే పిల్లులకూ వస్తుందన్నాడు. రోజుకు రెండు పూటలా ముందు తిండి పెట్టాలి. తిన్నదని చూసుకున్నాక మెడ వెనక చర్మం ఎత్తి ఇన్సులిన్ సూది వెయ్యాలి. అప్పుడప్పుడూ చెవి అంచున గుచ్చి, నెత్తురు చుక్క తీసి, షుగరు మీటరనే చిన్న మిషనులో పెట్టి అంకె ఎంతుందో చూడాలి. ఆవిడ ఆ రోజు నుంచీ ఒక్క పూట తప్పకుండా చేసుకొచ్చింది. సూదీ దారంతో బతికే మనిషి కాబట్టి ఆవిడకిది ఒక లెక్క కాదని మాస్టారి నమ్మకం. ఆవిడ సూది పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంటే, ఆయన సోఫాలో పేపరు వెనకనుంచి, "దానికేముంది, చిటికెలో పని" అనేవారు. ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాళ్ళకి నీళ్ళు ఎప్పుడూ మోకాటి లోతే.

ఈ సూదుల ధర్మమా అని ఆవిడ ఏడాదిగా ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి ఉండలేదు. చెల్లెలు కొత్త ఇంట్లోకి మారితే ఆ ఇల్లు కూడా చూడలేదు. ఇంతలో ఆ చెల్లెలు మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చెయ్యాలన్నారు. చెల్లెలికి వెనకా ముందూ ఎవరూ లేరు. అక్కే వెళ్ళాలి, పది రోజులైనా ఉండాలి. అటు చెల్లెలు, ఇటు పిల్లి, ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"నేను లేనా? నువ్వెళ్ళిరా" అన్నారు మాస్టారు.

"మీరు చెయ్యగలరా?"

"నలభై టన్నుల లారీ మీదికొస్తుంటేనే నేను చలించను."

"లారీ గోకదండీ" అంది ఆవిడ.

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పెట్టె సర్దుకుంటూ అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మందు ఫ్రిజ్ తలుపులో ఉంది, సీసా కుదపకూడదు. తినకపోతే సూది వెయ్యకూడదు. వేసేది ప్రతిసారీ సిరంజి మీద రెండు గీతల మందే, అంతకు మించకూడదు. వీధి గుమ్మం దగ్గర ఆగి, ఇంకో మాట కూడా చెప్పింది. "ఏం జరిగినా సరే, నా దగ్గర దాచకండి. దాచారని తెలిసిందంటే ఆ క్షణమే వచ్చేస్తాను. ఇంకెప్పుడూ ఈ గడప దాటను."

మాస్టారు సరేనన్నారు. ఆవిడ ఎక్కిన బస్సు కదిలేటప్పుడు ఆయన కాలు పేవ్‌మెంటు రాయిని గట్టిగా నొక్కింది.

మర్నాడు పొద్దున మేనేజరు గారు తనిఖీకి బయలుదేరారు. మంచం కింద చూశారు, కుట్టుమిషను వెనక చూశారు, స్నానాల గదిలో బకెట్టు వెనక కూడా చూశారు. తన మనిషి ఎక్కడా కనబడకపోయేసరికి వచ్చి గిన్నె ముందు కూర్చుని, ముట్టుకోకుండా మాస్టారి మొహంలోకి చూశారు. మాస్టారు బతిమాలారు. గిన్నె కాస్త ముందుకు జరిపారు. తానే తింటున్నట్టు నోరు చప్పరించి చూపించారు. ఇరవై ఏళ్ళలో ఎంత మొద్దు శిష్యుడి ముందూ ఆయన ఇంత దిగజారలేదు. చివరికి విసిగిపోయి గోడవైపు తిరిగి నిలబడితే, వెనక గిన్నె ఖాళీ అవుతున్న చప్పుడు వినబడింది.

తిండి గండం గట్టెక్కాక సూది గండం వచ్చింది. ఆయన చేతిలో సిరంజి చూడగానే మేనేజరు గారు బీరువా మీదికెక్కారు. దింపి, చెవి గుచ్చి అంకె చూసేసరికి మళ్ళీ పైకెక్కారు. తన వాసన పడట్లేదేమోనని మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. భార్య పువ్వుల స్వెట్టరు తీసి తొడుక్కున్నారు. అది ఆయనకి పొట్ట మీద ఆగిపోయింది, చేతులు మోచేతుల దాకే వచ్చాయి. ఆ అవతారంలో కుర్చీ ఎక్కి, ఒక చేత్తో సిరంజి పట్టుకుని, "రండి మేనేజరు గారూ, నెమ్మదిగా రివర్సులో రండి" అంటుండగా తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కరెంటు మీటరు చూసుకునే మనిషి.

"మీటరు చూడాలండీ" అన్నాడతను.

"ఇప్పుడే చూశాను, మూడొందల ఎనభై" అన్నారు మాస్టారు.

అతను స్వెట్టరునీ, సిరంజినీ, కుర్చీనీ వరసగా చూసి, మళ్ళీ నెల వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడొందల ఎనభై ఎక్కువే. సూది ఎలాగో వేశారు. అందులో కొంత పిల్లిలోకి, కొంత స్వెట్టరులోకి పోయిందేమోనని అనుమానం. పశువుల డాక్టరుకి ఫోన్ చేశారు.

డాక్టరు కుర్రవాడే కాని ఓపిక గలవాడు. "చెవి గుచ్చేముందు ఏమైనా గొడవైందాండీ?" అని అడిగాడు.

"గొడవంటే, బీరువా మీదనుంచి దింపాను."

"అదీ సంగతి. పిల్లి బెదిరితే షుగరు దానంతటదే పైకెక్కుతుంది. మీరు కంగారుపడితే అది ఇంకా బెదురుతుంది. ఒక్క అంకె చూసి మందు మార్చకండి. పదేపదే చూడకండి కూడా."

"నేనెందుకు మారుస్తానండీ" అని ఫోన్ పెట్టేసి, మాస్టారు మళ్ళీ చెవి గుచ్చి చూశారు. ఈసారి నాలుగొందలు దాటింది.

అక్కడినుంచి మొదలైంది. కూర్చుంటే అంకె, నిలుచుంటే అంకె. చెవి గుచ్చినకొద్దీ పిల్లికి కోపం, కోపం వచ్చినకొద్దీ అంకె పెద్దది, అంకె పెద్దదైనకొద్దీ మాస్టారు ఇంకోసారి గుచ్చడం. ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే, అసలు పిల్లి మాత్రం బీరువా మీద కూర్చుని తోక ఊపుతూ చూసేది. సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నాడు?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు."

"అంకె ఎంత?"

"మామూలే."

"మీ గొంతు అలా ఉందేం?"

"క్లాసులో అరిచాను, పట్టేసింది."

"మీరు అరిచారా?" అంది ఆవిడ. చెల్లెలి ఆపరేషను ఎలా జరిగిందని అడిగి మాట తప్పించారు. ఆపరేషను బాగానే జరిగింది. కాని చెల్లెలు పక్కమీదనుంచి కదలలేదు, చిన్న పిల్లలా ప్రతిదానికీ అక్క అంటోంది. నిజం చెబితే ఆవిడ వచ్చేస్తుంది, వస్తే అక్కడ ఆ మనిషికి నీళ్ళు అందించే దిక్కు ఉండదు. అందుకని దాచారు. దాచనని మాట ఇచ్చి తప్పినందుకు ఇంకా బాధపడ్డారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

స్కూల్లో ఇంకో తంటా వచ్చిపడింది. ఖాళీ దొరికినప్పుడల్లా మాస్టారు తనలో తాను "మూడొందల తొంభై, అబ్బే, నిన్నటికన్నా ఎక్కువ" అని గొణుక్కోవడం స్కూలు యజమాని విన్నాడు. ఒక మాట బయటికొస్తే తిరిగి లోపలికి పోదు కదా. మధ్యాహ్నానికల్లా మాస్టారికి చక్కెర లేని టీ వచ్చింది. యజమాని భుజం తట్టి, ఈ వయసులో మామూలే, పొద్దున్నే నడవమన్నాడు. ఒక శిష్యుడు తన పెదనాన్న కాలివేలి కథ చెప్పాడు. ఆ కథ చివర కాలివేలు మిగల్లేదు. జబ్బు పిల్లికండీ అని చెప్పడానికి మాస్టారికి మొహం చెల్లలేదు. నలభై టన్నుల లారీకి చలించని మనిషిని పిల్లి చెవి చిత్తుచేసిందని తెలిస్తే, రేపటినుంచి బ్రేకు దగ్గర ఆయన మాటకి విలువుంటుందా? ఆ చప్పటి టీ తాగి ఊరుకున్నారు.

శిష్యులందరిలోకీ ఆయన్ని ఎక్కువ జాలిగా చూసింది పళ్ళ డాక్టరమ్మ. యాభై ఏళ్ళావిడ, నోట్లో వెంట్రుకవాసి పని చేస్తుంది, చెయ్యి ఇంత కూడా బెదరదు. స్టీరింగు పట్టుకుంటే మాత్రం కారు పాములా పోతుంది. బండి కాస్త ఎడమకి జారితే గాభరాగా కుడికి లాగుతుంది. అది కుడికి ఎక్కువైపోతే మళ్ళీ ఎడమకి. పరీక్ష రెండుసార్లు తప్పింది. మాస్టారు ఆవిడకి రోజూ ఒకటే చెబుతారు. "తిప్పింది చాలు డాక్టరమ్మా. ఇక చెయ్యి ఆపండి. బండి మీ మాట విన్నది, తిరగడానికి దానికి కొంచెం టైమివ్వండి." ఆవిడ తల ఊపి మళ్ళీ లాగుతుంది.

ఆ వారం చివర ఒక పొద్దున అంకె నాలుగొందల యాభై చూపించింది. అంతకు ముందు రాత్రి మేనేజరు గారికీ పక్కింటి కుక్కకీ కిటికీ అద్దం మీదుగా పెద్ద వాగ్వివాదం జరిగింది. ఆ సంగతి మాస్టారు లెక్కలోకి తీసుకోలేదు. తిండి పెట్టారు, సగం తిన్నాడో లేదో. రెండు గీతలు వేశారు. స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, ఉండబట్టలేక మళ్ళీ చెవి గుచ్చారు. నాలుగొందల నలభై. అప్పుడు ఇరవై ఏళ్ళ వృత్తి ఆయన బుర్రలో మాట్లాడింది. బ్రేకు తొక్కాం, బండి ఆగలేదు. ఆగకపోతే ఏం చేస్తాం? మళ్ళీ తొక్కుతాం. ఇందులో ఆలోచించేదేముంది? ఫ్రిజ్ తలుపు తీసి, ఇంకో రెండు గీతలు వేసేశారు. వేశాక మనసు తేలికపడి, ఈల వేసుకుంటూ పనికి వెళ్ళారు కూడా.

డాక్టరమ్మ పాఠం సగంలో ఉండగా ఆ తేలిక పోయింది. పొద్దున మేనేజరు గారు గిన్నెలో సగం కూడా సరిగ్గా తినలేదన్న సంగతి గుర్తొచ్చింది. "ఈ సందులోకి తిప్పండి, మా ఇంటి ముందు రెండు నిమిషాలు ఆగుదాం" అన్నారు. ఆవిడ ఇంటి ముందు ఆపింది, ఒక చక్రం పేవ్‌మెంటు మీద పెట్టి.

తలుపు తీసేసరికి మేనేజరు గారు ఎదురొచ్చారు. ఎదురొచ్చారు కాని తిన్నగా రాలేదు. తాగినవాడిలా అటో అడుగూ ఇటో అడుగూ వేసి, గోడకి తల ఆనించి, వెనక కాళ్ళు మడతపడి కూలబడ్డారు. కళ్ళు పెద్దవై ఎక్కడో చూస్తున్నాయి. పిలిస్తే చెవి కూడా కదలలేదు. బీరువా ఎక్కి ఏడిపించిన పిల్లి, మాస్టారు ఎత్తుకుంటే చేతుల్లో తడిగుడ్డలా వేలాడింది. షుగరు పడిపోయిందని తెలుస్తూనే ఉంది. ఎవరు పడగొట్టారో కూడా తెలుస్తూనే ఉంది.

తుండుగుడ్డలో చుట్టుకుని, తేనెసీసా చంకలో పెట్టుకుని బయటికి పరుగెత్తారు. డాక్టరమ్మ ఆయన మొహం చూసి కారు దిగింది.

"మాస్టారూ, మీ షుగరు పడిపోయిందా? కూర్చోండి, ముందు కూర్చోండి."

"నాకు కాదండీ. మేనేజరు గారికి."

"ఏ మేనేజరు?"

మాస్టారు తుండుగుడ్డ విప్పి చూపించారు. డాక్టరమ్మ ఒక్క క్షణం పిల్లినీ, ఒక్క క్షణం మాస్టారినీ చూసింది. వారం రోజులుగా ఈయనకోసం తాను దేవుణ్ణి తలుచుకున్నదీ, స్కూలంతా కలిసి టీలో చక్కెర మాన్పించిందీ గుర్తొచ్చే ఉంటాయి. "నోటి పని నాకొదిలెయ్యండి. మీరు పోనివ్వండి" అని పిల్లినీ తేనెనీ అందుకుని పక్క సీట్లో, అంటే మాస్టారి సీట్లో, కూర్చుంది. వేలికి తేనె అద్ది, పళ్ళు విడదీసి, చిగుళ్ళకి కొంచెం కొంచెంగా రాయసాగింది. గొంతులోకి పోసేస్తే పొరబోతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు స్టీరింగు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ రోడ్డు మీద జరిగింది డ్రైవింగు కాదు. ఎడమకి లాగారు, అది ఎక్కువైతే కుడికి లాగారు, ఒక సైకిలువాడు తిట్టాడు, ఒక చెత్తబుట్ట పడిపోయింది. శిష్యులెవరైనా అలా నడిపితే ఆ రోజే ఫీజు వెనక్కిచ్చి పంపేసేవారు. చౌరస్తాలో దీపం ఎర్రగా వెలిగింది. మాస్టారికి అది కనబడలేదు, కనబడినా ఆగేవారు కాదేమో. కారు గీత దాటబోతుండగా ఉన్నచోటే టక్కున ఆగిపోయింది. అడ్డంగా ఒక పెద్ద బస్సు వెళ్ళిపోయింది. ఏమైందో ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. డాక్టరమ్మ కాలు పక్క బ్రేకు మీద ఉంది.

"ఎర్ర దీపం ఉంది మాస్టారూ" అంది ఆవిడ, పిల్లి నోట్లోంచి చెయ్యి తియ్యకుండా. "ఉండనివ్వండి. దానంతటదే మారుతుంది."

అది ఆయన గొంతే. ఆయన మాటలే. ఇరవై ఏళ్ళలో మాస్టారి మీద బ్రేకు పడడం అదే మొదటిసారి. దీపం మారేదాకా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడినుంచి నెమ్మదిగా, తిన్నగా పోనిచ్చారు.

పశువుల డాక్టరు చూసేసరికి షుగరు నలభై దగ్గరుంది. సెలైను పెట్టాడు, వెచ్చటి దుప్పటి కప్పాడు. మాస్టారిని ఏం జరిగిందని అడిగాడు. ఆయన ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. రెండోసారి ఎందుకు వేశారో కూడా చెప్పారు.

"బ్రేకు పట్టలేదనుకున్నానండీ."

"పట్టిందండీ" అన్నాడు డాక్టరు. "ఈ మందు పనిచెయ్యడానికి కొన్ని గంటలు పడుతుంది. అంకె ఒక పూట ఎక్కువుంటే పిల్లికేమీ కాదు. ఇలా పడిపోతేనే ప్రాణం మీదికొస్తుంది. మీరు ఇంకో గంట రాకపోతే నేను చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు."

మాస్టారు వచ్చి బయట బల్లమీద కూర్చున్నారు. పక్కన డాక్టరమ్మ తన వేలికైన పంటిగాటుకి మందు రాసుకుంటోంది. తన దవాఖానాలో రోగులు ఎదురుచూస్తున్నా ఆవిడ వెళ్ళలేదు.

"అంకె కనబడితే చెయ్యి ఊరుకోదండీ" అన్నారాయన. "ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది."

"నాకు స్టీరింగు దగ్గర అదే కదా."

"నేను మీకు రోజూ చెబుతూనే ఉన్నాను."

"చెబుతున్నారు. చెప్పినంత తేలిక కాదని నేనూ రోజూ అంటూనే ఉన్నాను" అంది ఆవిడ. మాస్టారికి తాను ఎంతమందికి ఎంత తేలిగ్గా ఎన్ని చెప్పారో ఒక్కొక్కటే గుర్తొచ్చి, తల దించుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక లోపలినుంచి డాక్టరు కేక వినబడింది. మేనేజరు గారు లేచి కూర్చుని, సెలైను తీసిన చేతిని కరిచారు. మాస్టారు లోపలికి వెళ్తే ఆయన వైపు పరమ అసహ్యంగా చూశారు. ఆ చూపుకి మాస్టారికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి జేబులో రుమాలు వెతుకుతుంటే ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నాడు?" అంది భార్య.

బ్రహ్మాండంగా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఆయన మొదటినుంచి చెప్పారు. మొదటిరోజు అంకె, ఆ తర్వాత వారమంతా చెప్పిన అబద్ధాలు, రెండోసారి వేసిన సూది, గోడకి ఆనిన తల, అన్నీ.

"ఇప్పుడు బానే ఉన్నాడా?"

"డాక్టరుని కరిచాడు."

"నేను బయలుదేరుతున్నాను."

"వద్దు" అన్నారు మాస్టారు. "చెల్లెల్ని వదిలి రావద్దు."

"మళ్ళీ నలభై టన్నుల లారీ కథ చెబుతారా?"

"చెప్పను. నాకు చాలా భయంగా ఉంది. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇది నా చేతుల్లో పోతే నీ మొహం ఎలా చూడాలా అని వారం రోజులుగా నిద్ర లేదు. రేపు కూడా వణుకుతుంది. అయినా వేస్తాను, డాక్టరు ఎంత వెయ్యమంటే అంతే వేస్తాను. నువ్వు మాత్రం రావద్దు." ఆయన మేనేజరు గారి మీద దుప్పటి సర్దారు. "ఒకటి అడుగుతాను. నీకు కూడా ఇలాగే ఉండేదా?"

అవతల ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు.

"రోజూ ఉండేదండీ" అంది. "రెండు పూటలా."

"ఒక్కసారైనా చెప్పలేదే."

"మీరు పేపరు దించితే కదా చెప్పడానికి."

ఏడాదిపాటు ఆవిడ ఒక్కతే అంత భయం మోసుకుంటూ తన ముందునుంచే నడిచి వెళ్ళిందని తలుచుకుంటే మాస్టారికి సిగ్గేసింది. ఆ సిగ్గు పిల్లి మీది భయం కన్నా ఎక్కువ బాధ పెట్టింది. ఆ మాటే ఆవిడకి చెప్పారు, ఉన్నదున్నట్టు. ఆవిడ, "సరే, నేను రాను. మీరే చూసుకోండి. సూది వేసేటప్పుడు మాత్రం ఫోన్ చేసి పక్కన పెట్టండి. నేనేమీ మాట్లాడను, ఊరికే ఉంటాను" అంది.

డాక్టరు ఆ రాత్రి మందు వెయ్యొద్దన్నాడు. పొద్దున్నించి మళ్ళీ మొదలుపెట్టమని, ఈసారి ఒక గీతే వెయ్యమని చెప్పాడు. మర్నాడు పొద్దున మాస్టారు ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టారు. మేనేజరు గారు గిన్నె సగం దాకా ఖాళీ చేసి, ఆయన్ని చూసి, మిగతా సగం కూడా తిన్నారు. చెవి గుచ్చితే మూడొందల అరవై వచ్చింది. మాస్టారు ఆ అంకె చూసి మిషను కట్టేశారు. చర్మం ఎత్తి, ఒకే గీత వేసి, సిరంజి మూత పెట్టి, ఫ్రిజ్ తలుపు మూశారు. ఫోన్లో దూరంగా ఆస్పత్రి చప్పుళ్ళు వినబడుతున్నాయి.

"అయిందా?" అంది ఆవిడ.

"అయింది."

"చెయ్యి?"

"ఇంకా వణుకుతోంది."

"కాసేపు అక్కడే కింద కూర్చోండి" అంది ఆవిడ. "నేనూ అలాగే కూర్చునేదాన్ని."